ఆన్‌కాల్ వద్దని వదిలేసిన మెయిన్‌ఫ్రేమ్‌కే మళ్ళీ వెళ్ళాల్సి వస్తే

హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఆరేడేళ్ళు మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకులు, బీమా కంపెనీల లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్లు) ప్రొడక్షన్ సపోర్ట్, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు ఆగిపోతే సరిచేసే పని, చేసి, నైట్ షిఫ్టులతో ఒళ్ళు హూనమై, పెళ్ళయ్యాక హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద అమెరికా వచ్చి, ఇక ఆ పని జన్మలో చెయ్యననుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కొందరు ఇంట్లోనే డే కేర్ నడుపుతున్నారు, కొందరు రియల్ ఎస్టేట్ లైసెన్స్ తీసుకున్నారు, కొందరు పిల్లలకి కూచిపూడి నేర్పుతున్నారు. ఉన్నట్టుండి ఇంట్లో పెద్ద జీతం ఆగిపోతుంది. చేతిలో ఉన్న విద్యల్లో త్వరగా డబ్బు తెచ్చేది మళ్ళీ ఆ మెయిన్‌ఫ్రేమ్ భాషలే, ఆ కోబాల్, ఆ జేసీఎల్లే. మనసు మొరాయిస్తుంది, అందులో తప్పేమీ లేదు. కానీ కంగారులో దొరికిన మొదటి ఉద్యోగంలోకి దూకితే, ఏ కారణాల వల్ల బయటికొచ్చారో అవే మళ్ళీ మెడకి చుట్టుకుంటాయి.

రెజ్యూమె తెరిచే ముందు లోటు ఎంతో తేల్చండి. గత మూడు నెలల బ్యాంకు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు ముందేసుకుని రెంటు, కారు లోను, డే కేర్, ఇండియాలో ఫ్లాట్ ఈఎంఐ, అమ్మానాన్నలకి పంపేది, అన్నీ కాగితం మీద పెట్టండి. అందరూ మర్చిపోయేది హెల్త్ ఇన్సూరెన్స్. ఉద్యోగంతో పాటు అదీ పోతుంది. కోబ్రా (పాత కంపెనీ ఇన్సూరెన్స్‌ని కొనసాగించుకునే వీలు) తీసుకుంటే పాత ప్లానే సాధారణంగా 18 నెలల వరకు నడుస్తుంది కానీ, కంపెనీ కట్టే వాటాతో సహా మొత్తం ప్రీమియంలో 102 శాతం దాకా మీరే కట్టాలి. ఎంచుకోవడానికి 60 రోజుల గడువుంటుంది, ఎంచుకుంటే కవరేజీ పోయిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది, మధ్య నెలల ప్రీమియం కూడా కట్టాల్సి వస్తుంది. ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా ప్లాన్ కొనడానికి కూడా 60 రోజులే. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, గడువు మాత్రం దాటనివ్వకండి.

ఉదాహరణకి నెల ఖర్చు 6,200 డాలర్లు, వచ్చేది 2,400 అనుకుందాం. లోటు 3,800. పన్నులు పోను నెలకి 3,800 చేతికి రావాలంటే చాలా రాష్ట్రాల్లో ఏడాదికి అరవై నుంచి డెబ్భై వేల జీతం సరిపోతుంది. ఈ అంకె ఎందుకు ముఖ్యమంటే, అది తెలియనివాళ్ళు భయంతో ఎక్కువ జీతం ఇచ్చే ఉద్యోగం వైపే పరిగెడతారు. మెయిన్‌ఫ్రేమ్‌లో ఎక్కువ జీతం ఇచ్చేవి తరచుగా ఆన్‌కాల్ (రాత్రయినా ఫోన్ వస్తే లేచి పని అందుకోవడం) ఉన్నవే. లోటు 3,800 అయినప్పుడు లక్షా ఇరవై వేల కోసం రాత్రుళ్ళు అమ్ముకోనక్కర్లేదు, తక్కువ డబ్బుకి పగటి పని ఎంచుకోవచ్చు. 401కే (రిటైర్మెంట్ పొదుపు) జోలికి మాత్రం చివరిదాకా పోవద్దు. 59½ ఏళ్ళ లోపు తీస్తే, మినహాయింపులేవీ వర్తించకపోతే, మామూలు పన్ను మీద ఇంకో 10 శాతం పోతుంది.

తర్వాత కాగితాలు. హెచ్4 మీద పని చెయ్యాలంటే ఈఏడీ (పని అనుమతి) కార్డు చేతిలో ఉండాలి. మీవారికో మీ ఆవిడకో ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటేనో, ఆరేళ్ళు దాటి హెచ్1బీ పొడిగింపులో ఉంటేనో ఆ కార్డు వస్తుంది. రెన్యువల్ గడువుకి 180 రోజుల ముందు నుంచి వేసుకోవచ్చు, మొదటి రోజే వెయ్యండి. ఎందుకంటే రెన్యువల్ పెండింగ్‌లో ఉండగా పాత కార్డు తనంతట తనే పొడిగింపయ్యే సౌకర్యం 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన దరఖాస్తులకి తీసేశారు. కొత్త కార్డు రాకపోతే గడువు మర్నాడే పని ఆపెయ్యాలి. కార్డు లేకుండా ఇక్కడ కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తాను, జీతం అక్కడి ఖాతాలోనే పడుతుంది కదా అనుకునేవాళ్ళున్నారు. పని జరిగేది అమెరికాలో. లాయర్‌ని అడగకుండా అలాంటి పని ఒప్పుకోవద్దు.

ఇంకో పొరపాటు ఇంతకంటే పెద్దది. హెచ్1బీ ఉన్న మనిషికి ఉద్యోగం పోతే 60 రోజులు గాని ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) తేదీ వరకు గాని, ఏది ముందైతే అంతవరకే గడువు. హెచ్4 దాని మీదే వేలాడుతుంది. మీ జీతం ఇల్లు గడుపుతుంది గానీ ఇద్దరి స్టేటస్‌నీ నిలబెట్టదు. ఆ గడువులో వాళ్ళకి కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా ఇంకో దారి చూసుకోవాలి. మీకే గతంలో హెచ్1బీ ఉండి ఆరేళ్ళూ వాడుకోకపోతే, మిగిలిన కాలానికి లాటరీ లేకుండా మళ్ళీ హెచ్1బీకి మారవచ్చు. అప్పుడు వాళ్ళు మీ మీద హెచ్4కి మారతారు. కానీ స్టేటస్ మార్పు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే. 2025 సెప్టెంబర్ 21 నుంచి, దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము నిబంధన కూడా వచ్చింది. ఇలాంటప్పుడు లాయర్‌తో మాట్లాడకుండా ఇండియాకి టికెట్ కొనకండి.

ఇక అసలు సంగతి. ఆ ఉద్యోగం ఇష్టం లేదంటున్నారు సరే, అందులో ఏది ఇష్టం లేదు? ఓ పూట కూర్చుని రాయండి. రాత్రుళ్ళు, టికెట్ల (నమోదైన సమస్యల) గడువు, బ్రిడ్జి కాల్‌లో (సమస్య వచ్చినప్పుడు అందరూ కలిసే ఫోన్ మీటింగులో) మాటలు పడటం, పాత టెక్నాలజీలో ఇరుక్కుపోతున్నామన్న భయం, పైవాడి తీరు. ఇలా రాసినప్పుడు కోబాల్ అన్న మాట ఆ జాబితాలో చాలామందికి రాదు.

ఓ రాత్రి సంగతి తీసుకుందాం. తెల్లవారుజామున రెండున్నరకి బ్యాచ్ జాబ్ (రికార్డులన్నీ ఒకేసారి నడిపే పని) అబెండ్ అయింది, అంటే మధ్యలో ఆగిపోయింది, ఎర్రర్ సాక్ సెవెన్. తొమ్మిది అంకెల కాంప్-3 (అంకెల్ని కుదించి దాచే ప్యాక్డ్ డెసిమల్) ఫీల్డులో, అంటే అయిదు బైట్లలో, పైనుంచి వచ్చిన ఫైల్ అంకెల బదులు ఖాళీలు నింపింది. ప్యాక్డ్ డెసిమల్‌లో చివరి సగం బైటు సీ, డీ, ఎఫ్ లాంటి గుర్తు అయి ఉండాలి. ఖాళీ అంటే హెక్సాలో 40, చివర సున్నా ఉంటుంది. మిషన్ దాన్ని సంఖ్యగా ఒప్పుకోదు, జాబ్ ఆగిపోతుంది. డంప్‌లో (ఆగిన క్షణంలోని మెమరీ నకలులో) ఆఫ్‌సెట్, అంటే ప్రోగ్రాము ఎక్కడ ఆగిందో, చూసి, కంపైల్ లిస్టింగ్‌లో ఆ లైను పట్టుకుని, చెడ్డ రికార్డు పక్కన పెట్టి, రీస్టార్ట్ చెయ్యడం చెయ్యి తిరిగినవాళ్ళకి అరగంట పని. ఆ తర్వాత గంటన్నర, ఎప్పటికవుతుందని అడిగే ఇరవైమందికి జవాబు చెప్పడం వేరే పని. మీకు చేదైంది ఈ రెండింటిలో ఏదో తేల్చుకుంటే ఎలాంటి ఉద్యోగం వెతకాలో తెలుస్తుంది.

గడియారం కూడా చూసుకోండి. న్యూయార్క్‌లో రాత్రి 11 అయితే హైదరాబాద్‌లో ఉదయం 8:30, చలికాలంలో 9:30. ఇక్కడి బ్యాచ్ నడిచే వేళ అక్కడి టీముకి పగలు. అందుకని ఆఫ్‌షోర్ టీము గట్టిగా ఉన్న చోట మొదటి కాల్ వాళ్ళకే వెళ్తుంది, మీదాకా వచ్చేది వాళ్ళకి తేలనిదే. ఆఫ్‌షోర్ లేని చిన్న క్రెడిట్ యూనియన్‌లోనో, బీమా కంపెనీలోనో అన్ని కాల్సూ మీవే.

సపోర్ట్ కాకుండా అదే జ్ఞానం పనికొచ్చే చోట్లు మూడున్నాయి. ఎన్‌హాన్స్‌మెంట్, అంటే ఉన్న ప్రోగ్రాముల్లో మార్పులు చెయ్యడం, ఇది ఎక్కువగా పగటి పనే. రెండోది మైగ్రేషన్ ప్రాజెక్టులు. కోబాల్‌ని జావాలోకి మార్చేటప్పుడు పాత ప్రోగ్రాములో దాగున్న రూలు చదివి చెప్పే మనిషి కావాలి. కటోవర్ వీకెండ్లు (పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారే రోజులు) తప్పవు గానీ అవి ముందే తెలుస్తాయి. మూడోది అదే ప్రాజెక్టుల్లో టెస్టింగ్. పాత రిపోర్టుకీ కొత్త రిపోర్టుకీ ఒక్క సెంటు తేడా వస్తుంది, జావా టీము రోజుల తరబడి వెతుకుతుంది. కోబాల్‌లో రౌండెడ్ అని రాయకపోతే మిగులు దశాంశాలు కత్తిరించేస్తుందని, కొత్త కోడు రౌండ్ చేస్తోందని మీరు పది నిమిషాల్లో చెప్పగలరు. ఈ మూడో దారిని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు. రాత్రి నిద్ర ముఖ్యమనుకునేవాళ్ళకి దీనికంటే మంచిది లేదు. రాష్ట్ర ప్రభుత్వాల ప్రాజెక్టులు కూడా చూడండి. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్ళు కావాలని బహిరంగంగా అడిగారు. అలాంటి పాత సిస్టమ్స్ చాలా రాష్ట్రాల్లో ఇంకా నడుస్తున్నాయి.

ఇంటర్వ్యూలో "ఆన్‌కాల్ ఉందా" అని అడిగితే "కొంచెం ఉంటుంది" అంటారు, దానితో ఏమీ తేలదు. ఇలా అడగండి: రొటేషన్‌లో ఎంతమంది? గత నెల రాత్రి పది తర్వాత ఎన్ని కాల్స్ వచ్చాయి? మొదటి కాల్ ఆఫ్‌షోర్‌దా, ఇక్కడిదా? రాత్రి పని చేస్తే మర్నాడు ఆలస్యంగా రావచ్చా? గంటల లెక్కన తీసుకునే కాంట్రాక్టు అయితే ఆ గంటలు బిల్ అవుతాయా? నలుగురి రొటేషన్ అంటే నెలకో వారం మీది. ఇద్దరే అయితే నెలలో సగం, అందులో ఒకరు సెలవు పెడితే మొత్తం. అంకె చెప్పకుండా మాట దాటేస్తే అక్కడ కాల్స్ ఎక్కువనే అనుకోండి.

నాలుగేళ్ళ గ్యాప్ తర్వాత చెయ్యి మళ్ళీ సాగడానికి రోజుకి రెండు గంటల చొప్పున నాలుగు వారాలు చాలు. కోబాల్, జేసీఎల్, వీశామ్ (ఫైళ్ళు దాచే పద్ధతి), డీబీ2 (డేటాబేస్) పెద్దగా మారలేదు, చుట్టూ ఉన్న పనిముట్లు మారాయి. గ్రీన్ స్క్రీన్‌తో పాటు వీఎస్ కోడ్, జోవే, గిట్ వచ్చాయి. ఐబీఎం వాళ్ళ శిక్షణ సైటు జెడ్ ఎక్స్‌ప్లోర్ ఉచితం, నిజమైన మెయిన్‌ఫ్రేమ్ మీదే లాగిన్ ఇస్తారు. ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్ట్ వాళ్ళ కోబాల్ కోర్సు కూడా ఉచితమే. డబ్బులిచ్చి కోచింగ్‌లో చేరాల్సిన పని లేదు. ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేవి ఎర్రర్లే: ఎస్‌322 టైమ్ దాటితే, ఎస్‌806 లోడ్ మాడ్యూల్ దొరక్కపోతే, ఎస్‌బీ37 డిస్కు మీద చోటు చాలకపోతే. డీబీ2లో మైనస్ 818 అంటే ప్రోగ్రాముకీ ప్లానుకీ టైమ్‌స్టాంప్ కుదరలేదు, మైనస్ 911 అంటే డెడ్‌లాక్‌లోనో టైమవుట్‌లోనో రోల్‌బ్యాక్ అయింది. కోడ్ అర్థం చెప్పి ఊరుకోకుండా, మొదట ఏం చూస్తారు, ఎవరికి చెప్తారు, ఎక్కణ్ణుంచి రీస్టార్ట్ చేస్తారు అన్నది వరసగా చెప్పండి.

గ్యాప్‌ని దాచొద్దు. ఆ నాలుగేళ్ళూ ఏదో బ్యాంకులో ప్రాజెక్టు చేసినట్టు రెజ్యూమెలో పెడతామని చెప్పే కన్సల్టెన్సీలు ఫోన్ చేస్తాయి, ఇంటర్వ్యూకి వేరే మనిషిని కూర్చోబెడతామని కూడా అంటాయి. దయచేసి ఒప్పుకోకండి. ఆ అబద్ధం రేపు హెచ్1బీ పిటిషన్‌లోకో గ్రీన్ కార్డ్ ఫైల్‌లోకో ఎక్కితే తెలిసి చేసిన తప్పుడు ప్రకటన కింద లెక్క, దాని ప్రభావం జీవితాంతం వీసాలకి అడ్డుపడుతుంది. "2021 నుంచి కుటుంబంతో అమెరికా రాక, కెరీర్ విరామం, ఆ కాలంలో సొంత డే కేర్ నిర్వహణ" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. పాత అనుభవానికి రుజువులు మాత్రం సిద్ధంగా ఉండాలి: రిలీవింగ్ లెటర్, ఫారం 16, చివరి మూడు పే స్లిప్పులు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ. పీఎఫ్ రికార్డులో చేరిన, మానేసిన తేదీలుంటాయి, రెజ్యూమె తేదీలు వాటితో నెలతో సహా కలవాలి. యూఏఎన్‌కి (పీఎఫ్ ఖాతా నంబరుకి) పాత ఇండియా ఫోన్ నంబరే లింకై ఉంటే ఓటీపీ రాదు, ఆ పని ముందే చూసుకోండి.

డబ్బు మాటల్లో గంట రేటు చూసి మురిసిపోవద్దు. ఏడాదికి 2,080 పని గంటలు. సెలవులకి డబ్బివ్వని డబ్ల్యూ2 (కంపెనీయే పన్ను కోసి జీతమిచ్చే) కాంట్రాక్టులో 11 ఫెడరల్ సెలవులు, మీ జ్వరాలు, పిల్లల స్కూలు సెలవులు పోను మిగిలేది దాదాపు 1,900. గంటకి 45 అంటే 93,600 అనుకుంటాం, వచ్చేది 85,500. హెచ్4 ఈఏడీ మీద 1099 (సొంత కాంట్రాక్టరుగా పని) కూడా చెయ్యొచ్చు, కానీ అప్పుడు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రెండు వాటాలూ, 15.3 శాతం, మీవే. పన్ను ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15లకి విడతలుగా కట్టాలి. డబ్ల్యూ2 రేటే 1099కీ ఇస్తామంటే అది నష్టపు బేరం. కాగితంలో బాండ్ ఉందా, ఆర్నెల్లకే మానేస్తే ఎంత కట్టాలి అన్నది సంతకానికి ముందే చదవండి.

చేరిన రోజే బయటికొచ్చే షరతు రాసిపెట్టుకోండి. తేదీతో పాటు అంకె కూడా ఉండాలి: ఆరు నెలల ఖర్చు పొదుపులో, క్రెడిట్ కార్డు సున్నా, మీవారికో మీ ఆవిడకో మళ్ళీ ఉద్యోగం వచ్చి ఆరు నెలలు దాటడం. జీతం వచ్చిన రోజే లోటుకి మించినదంతా వేరే ఖాతాకి ఆటోమేటిక్‌గా వెళ్ళేలా పెట్టండి, లేకపోతే ఖర్చు పెరిగి లోటు కూడా పెరుగుతుంది. ఇష్టంగా చేసుకున్న పనిని పూర్తిగా మూసెయ్యకండి. రియల్ ఎస్టేట్ లైసెన్స్ రెన్యువల్ ఫీజు, కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ గంటలు వదిలేస్తే మళ్ళీ పరీక్ష దాకా వెళ్ళాల్సి రావచ్చు. డే కేర్ లైసెన్సుని కొన్నాళ్ళు నిలిపి ఉంచే వీలుందేమో మీ రాష్ట్ర లైసెన్సింగ్ ఆఫీసుని అడగండి. కూచిపూడి క్లాసు వారానికి అయిదు నుంచి ఒకటికి తగ్గించి, శనివారం పొద్దున్న పెట్టుకోండి. ఆన్‌కాల్ వారం వచ్చినప్పుడు ఆ ఒక్క గంట వేరొకరు ఫోన్ పట్టుకునేలా టీముతో మొదటి వారంలోనే మాట్లాడుకోండి.