టెక్ సందేహాలు: మధ్య సంఖ్య తెలిస్తే అంకశ్రేఢి ఎలా?

ప్రశ్న: స్ప్రెడ్‌షీట్‌లో 40 సరిగ్గా మధ్యలో ఉండాలి. దానికి పైన నాలుగు, కింద నాలుగు సంఖ్యలు 6 తేడాతో రావాలి. మౌస్‌తో లాగితే వస్తున్నాయి కానీ తేడా మార్చినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తోంది. దారి ఉందా?

జవాబు: ఉంది. లాగడం ఒక్కసారి పనికైతే సరే, 40, 46 కొట్టి రెండూ సెలెక్ట్ చేసి పైకి లాగినా 34, 28 అని వెనక్కి వెళ్తుంది. కానీ అవి ఫార్ములాలు కావు, ఉత్త అంకెలు, అందుకే తేడా మారిస్తే కదలవు.

నాకు బాగా నచ్చే పద్ధతి, ఏ పాత వెర్షన్‌లోనైనా నడిచేది ఇదీ: 40ని ఒక సెల్‌లో, 6ని ఇంకో సెల్‌లో పెట్టండి. పక్కన ఒక నిలువు వరుసలో -4 నుంచి 4 వరకు రాయండి, ఇది ప్రతి సంఖ్య 40 నుంచి ఎన్ని మెట్ల దూరమో చెబుతుంది. ఆ దూరాన్ని తేడాతో గుణించి 40కి కలపండి. ఫార్ములాను కిందికి కాపీ చేసే ముందు 40, 6 ఉన్న ఆ రెండు సెల్స్‌నీ డాలర్ గుర్తుతో ($A$1 లాగా, కాపీ చేసినా మారకుండా) లాక్ చేయడం మాత్రం మర్చిపోవద్దు, చాలామందికి తప్పు వచ్చేది అక్కడే. 16, 22, 28, 34, 40, 46, 52, 58, 64 వస్తాయి. సగటు 40 రావాలి, రాకపోతే ఎక్కడో లెక్క తప్పినట్టే.

ఎక్సెల్ 2021, మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ షీట్స్‌లో అయితే సీక్వెన్స్ ఫంక్షన్ ఉంది: అడ్డు వరుసలు 9, నిలువు వరుస 1, మొదటి సంఖ్య 16, తేడా 6. ఆ 16 బదులు 40 నుంచి నాలుగు తేడాలు తీసేసే లెక్కనే రాయండి, అప్పుడే తేడా మార్చినా 40 కదలదు. 40 మధ్యలో కాకుండా ఏడో పదం కావాలంటే ఆరు తేడాలు తీసేయాలి, శ్రేఢి 4తో మొదలవుతుంది.

మొత్తం ఎనిమిది సంఖ్యలే కావాలంటే మధ్య పదం ఉండదు. సగటు 40 కావాలా, 40 శ్రేఢిలోనే కనిపించాలా అన్నది మీరే తేల్చుకోవాలి, తేడా 6 ఉన్నప్పుడు రెండూ కుదరవు. సగటే ముఖ్యమైతే మధ్యలో 37, 43 పక్కపక్కన వస్తాయి.

తేడా 0.1 లాంటి దశాంశమైతే, పై సెల్‌కి 0.1 కలుపుకుంటూ పోకండి. కంప్యూటర్ 0.1ని కచ్చితంగా దాచుకోలేదు, ఆ చిన్న తేడాలు పోగుపడతాయి. దూరంతో గుణించే పద్ధతిలో అలా పేరుకుపోవు.