పాపకు ఋతువుల బొమ్మల పుస్తకాలు చదివి వినిపించే అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. బోస్టన్‌లో ఇల్లు సర్దుకున్నారనీ, పాప కోసం ఒకేసారి పద్దెనిమిది బొమ్మల పుస్తకాలు తెప్పించావనీ మీ అమ్మ చెప్పింది. అన్నీ చెట్లు, పక్షులు, ఋతువుల గురించినవేనట. సంతోషం. కానీ మొన్న ఫోనులో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "పెద్దమ్మా, రెండు నిమిషాల్లో ఒక పుస్తకం అయిపోతోంది. వెంటనే ఇంకోటి లాగుతుంది. ఏదీ నిలకడగా చూడదు" అన్నావు. మీరున్న రాష్ట్రంలోనే ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో, పిల్లల గదిలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఈ పుస్తకాలు చదివి వినిపించాను, చిరిగితే అతికించాను, అట్టల మీద అంటిన జామ్ తుడిచాను. ఆ చనువుతో నాలుగు మాటలు రాస్తున్నాను.

మూడేళ్ల పాపలో లోపమేమీ లేదు. ఎదురుగా పద్దెనిమిది ఉంటే నువ్వైనా నేనైనా అలాగే లాగుతాం. కాలానికి ఒకటి చొప్పున నాలుగు తీసి ఉంచు. మిగతావి అలమరా పైఅరలో పెట్టు. ఆ నాలుగింటిలోనూ, బయట ఏ కాలం నడుస్తోందో ఆ పుస్తకమే పాప చేతికి అందేలా ఉండాలి. సంక్రాంతికి మామిడిపండు కోసం వెతకం కదా. మంచు పుస్తకం సెప్టెంబరులో చదివితే పాపకు అది ఉత్త కథ. మంచు పడిన మర్నాడు చదివితే కిటికీలో కనిపించేదే ఒళ్లోనూ కనిపిస్తుంది.

ఇక చదవడం. మొదటిసారి అక్షరాల జోలికి వెళ్లవద్దు. మా చిన్నప్పుడు చందమామ వస్తే అక్షరాలు రాని మా తమ్ముడే ముందు లాక్కునేవాడు. చిత్రా, శంకర్ వేసిన బొమ్మలు చూసుకుంటూ తన కథ తనే చెప్పుకునేవాడు. పాపను కూడా అలా చూడనివ్వు. "ఇది ఏ రంగు? ఎన్ని పక్షులున్నాయి?" అని పరీక్ష పెట్టవద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన తప్పు అదే. అడిగినదానికి జవాబు చెప్పిన పిల్ల ఇక ఆ బొమ్మ వైపు చూడదు. నువ్వు ఊరుకుంటే తనే వేలు పెట్టి చూపిస్తుంది. అప్పుడు మాట్లాడు.

ఒక సంగతి చెబుతాను. రాబర్ట్ మెక్‌క్లాస్కీ 1948లో "బ్లూబెర్రీస్ ఫర్ సాల్" అనే పుస్తకం వేశాడు. మెయిన్ రాష్ట్రంలో ఒక తల్లీ, సాల్ అనే ఆమె కూతురూ కొండ మీదికి బ్లూబెర్రీలు కోయడానికి వెళ్తారు. కొండకు అవతలి వైపు నుంచి ఒక తల్లి ఎలుగుబంటి, పిల్ల ఎలుగుబంటి అవే పళ్లు తినడానికి వస్తాయి. పిల్లలిద్దరూ వెనకబడి, ఒకరి తల్లి వెంట ఇంకొకరు పడతారు. పుస్తకమంతా ఒకే ఒక ముదురు నీలం సిరాతో అచ్చయింది, పళ్ల రసం రంగులో. దాన్ని నేను వంద సార్లకు తక్కువ కాకుండా చదివి ఉంటాను. ఒక రోజు నాలుగేళ్ల పిల్ల ఒకతి నా చేయి పక్కకు నెట్టి పుటలు వెనక్కి తిప్పింది. సాల్ తల్లిని వెతుక్కుంటూ వెళ్తే రాయి వెనక ఒక కాకి, దాని పిల్లలు కనిపిస్తాయి. ఎలుగుపిల్ల వెతుక్కుంటూ వెళ్తే మొద్దు వెనక ఒక కౌజు లాంటి పక్షి, దాని పిల్లలు కనిపిస్తాయి. ఆ పిల్ల రెండు పుటలూ మార్చి మార్చి చూపించి, "వీళ్లందరి అమ్మలూ వీళ్ల దగ్గరే ఉన్నారు" అంది. ఆ కొండంతా తల్లులూ పిల్లలే అని నాకు అంతవరకు తట్టలేదు. కథ ఎటు పోతుందో తెలిసినదాన్ని కాబట్టి అక్షరాల వెంట పరుగెత్తాను. ఆ పిల్లకు అలాంటి తొందర లేదు.

అదే పుస్తకంలో ఇంకొకటి చూడు. సాల్ తన చిన్న రేకు డబ్బాలో మొదటి పళ్లు వేస్తే టంగుమని మోగుతాయి. తల్లి డబ్బాలో వేస్తే చప్పుడు రాదు, అడుగంతా అప్పటికే పళ్లు పరుచుకుని ఉన్నాయి కాబట్టి. ఇది చదివిన రోజు వంటింట్లో ఒక ఖాళీ స్టీలు గిన్నె, గుప్పెడు శనగలు పాప ముందు పెట్టు. నువ్వేమీ వివరించనక్కరలేదు. ఒక్కొక్క గింజా వేసి వింటుంది. చప్పుడు ఎప్పుడు తగ్గిందో తనే కనిపెడుతుంది.

వాళ్లు ఆ పళ్లను ఊరికే తినేయడానికి కోయరు, చలికాలానికి సీసాల్లో నిలవ చేసుకోవడానికి కోస్తారు. ఆ పుట దగ్గర మీ అమ్మమ్మ ఆవకాయ జాడీల సంగతి చెప్పు. ఎండాకాలపు కాయను ఏడాది పొడుగునా దాచుకోవడం మన ఇంటి పని కూడా. బ్లూబెర్రీకి తెలుగు మాట కోసం అవస్థ పడకు, బ్లూబెర్రీ అనే అను. నేరేడుపండు తిన్నప్పటిలా నోరు నీలంగా అవుతుందని చెబితే చాలు. వచ్చే ఏడు జులైలోనో ఆగస్టులోనో నిజంగానే కోయడానికి తీసుకెళ్లు.

తెలుగు మాటల దగ్గర ఒక చిక్కు ఉంది. అక్కడి నాలుగు కాలాలకూ మన ఆరు ఋతువుల పేర్లు అతికించవద్దు, సరిపోవు. అక్కడ ఆకులు రాలేది అక్టోబరులో. ఆ రోజుల్లో మనకు శరత్తు, తెల్లని వెన్నెల కాలం. మన చెట్లు ఆకు రాల్చే శిశిరం మాఘ ఫాల్గుణాల్లో వస్తుంది, అప్పుడు అక్కడ మోకాలి లోతు మంచు. శరత్తు అన్నా శిశిరం అన్నా ఏదో ఒకటి తప్పుతుంది. "ఆకు రాలే కాలం", "మంచు కాలం", "మొగ్గలు వచ్చే కాలం" అని చెప్పు. పాపకు కంటికి కనిపించే మాటలే కావాలి. ఋతువుల పేర్లు తరువాత ఇక్కడికి వచ్చినప్పుడు నేను నేర్పుతాను. ఇంగ్లీషు వాక్యాలు ఇంకో రోజు, ఉన్నవి ఉన్నట్లుగా చదువు. రెండూ ఒకే వాక్యంలో కలపకు.

ఈ ఆకు రాలే కాలంతో మొదలుపెట్టడానికి "ది లిటిల్ హౌస్" తీసుకో. వర్జీనియా లీ బర్టన్ 1942లో వేసింది. ఆమె ఉన్నది మీకు దగ్గర్లోనే, గ్లౌస్టర్ వైపు సముద్రం ఒడ్డున. గుట్ట మీద చిన్న ఇల్లు, చుట్టూ ఆపిల్ చెట్లు. కాలం మారుతున్న కొద్దీ అదే చోటు మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక పుటలో ఉదయం నుంచి సాయంత్రం దాకా సూర్యుడు నడిచిన దారి ఉంటుంది, ఇంకో పుటలో నెల పొడుగునా చంద్రుడు పెరిగి తరిగే తీరు ఉంటుంది. తరువాత పట్నం పెరిగి ఇంటిని కమ్మేస్తుంది, చుక్కలు కనబడవు. ఆ సగం మూడేళ్ల పాపకు బరువు. విసుగు కనిపిస్తే అక్కడితో మూసేయి, తప్పు లేదు. చంద్రుడి పుట మాత్రం వదలవద్దు. రాత్రి బాల్కనీలోకి ఎత్తుకెళ్లి పుస్తకంలోని చంద్రుణ్నీ పైనున్న చంద్రుణ్నీ పక్కపక్కన చూపించు.

మంచు కాలానికి ఎజ్రా జాక్ కీట్స్ వేసిన "ది స్నోయీ డే" తప్ప ఇంకేదీ వద్దు. 1962 నాటిది. అమెరికాలో ఏటా మేలైన బొమ్మల పుస్తకానికి ఇచ్చే కాల్డెకాట్ పతకం 1963లో దీనికి వచ్చింది. ఎర్ర కోటు వేసుకున్న పీటర్ అనే నల్లజాతి పిల్లవాడు, పట్నంలో మంచు పడిన ఒక రోజు. అంతే కథ. అంతకుముందు ఆ దేశపు బొమ్మల పుస్తకాల్లో ఆనందంగా ఆడుకునే పిల్లలంటే దాదాపు అందరూ తెల్లపిల్లలే. మన పిల్లలు ఈ పుస్తకం ముందు వేరే రకంగా కూర్చోవడం నేను కళ్లారా చూశాను. కాగితాలు కత్తిరించి అతికించిన బొమ్మలివి. మంచు పలుకులను రబ్బరు ముక్కలు చెక్కి రంగులో ముంచి అద్దాడు. బొమ్మ అంచుల మీద పాప వేలు పెడితే పెట్టనివ్వు.

పీటర్ మంచులో కాళ్లు బయటికి తిప్పి నడుస్తాడు, తరువాత లోపలికి తిప్పి నడుస్తాడు, తరువాత ఈడుస్తాడు. జాడలు రెండు. ఇంకో పుటకు మూడో జాడ వస్తుంది. అది కర్ర గీసిన గీత. మూడోది ఎక్కడిదో పాప వెతికేదాకా పుట తిప్పకు. చివర ఒక మంచు ఉండ జేబులో దాచుకుని ఇంటికి వెళ్తాడు. పడుకోబోయే ముందు చూస్తే జేబు ఖాళీ. "ఎందుకు కరిగిపోయింది?" అని అడగకు, నువ్వే ముందు చెప్పకు. దిగులు పడితే పడనివ్వు. మర్నాటి పుటలో మళ్లీ మంచు పడుతూనే ఉంటుంది.

ఒక లోపలి మాట. మొదటి మంచు పడిన రోజు మధ్యాహ్నానికి గ్రంథాలయంలో మంచు పుస్తకాల అర ఖాళీ అయిపోతుంది, నా కళ్ల ముందే ఎన్ని సార్లు జరిగిందో. నవంబరులోనే పేరు రాయించు. పుస్తకాలు కొనడం కూడా తగ్గించు. కార్డు ఉచితమే. పాపకు ఏది కావాలో, ఏది మళ్లీ మళ్లీ అడుగుతుందో చూసి అది మాత్రం కొను. పెద్ద సైజు ప్రతే కొను. గట్టి అట్టపుటల చిన్న ప్రతుల్లో బొమ్మ కుదించుకుపోయి మూడో జాడ లాంటివి కంటికి ఆనవు.

మొగ్గలు వచ్చే కాలానికి మెక్‌క్లాస్కీదే బాతుల పుస్తకం ఉంది, "మేక్ వే ఫర్ డక్లింగ్స్", 1941. అది మీ ఊరి కథే. చార్లెస్ నది ఒడ్డు నుంచి పబ్లిక్ గార్డెన్ దాకా ఎనిమిది పిల్లలను నడిపించుకెళ్లే బాతు. ఆయన నిజం బాతులను తెచ్చి తన ఇంట్లో పెట్టుకుని వాటి వెనకే తిరిగి గీశాడు. అందుకే ఒక్కొక్క మెడా ఒక్కోలా తిరిగి ఉంటుంది. గార్డెన్‌లో 1987 నుంచి కంచు బాతులు కూడా ఉన్నాయి. ముందు నీళ్లలోని బాతుల దగ్గరికి తీసుకెళ్లు, కంచువి తరువాత.

ఆకలి గొంగళిపురుగు పుస్తకం నీ దగ్గర ఉండే ఉంటుంది, ఎరిక్ కార్ల్ 1969లో వేసినది. పుటల్లో రంధ్రాలున్నది. చాలా మంచి పుస్తకం. అందులో సీతాకోకచిలుక గూడు అల్లుకుని అందులోంచి వస్తుంది. నిజానికి అలా గూడు అల్లుకునేవి ఎక్కువగా పట్టుపురుగు లాంటివి. హిందూపురంలో బుట్టల కొద్దీ అమ్మే పట్టుగూళ్లు నువ్వూ చూశావు. సీతాకోకచిలుక పురుగు పైతోలు విడిచి, నున్నటి గట్టి పెంకులా మారి వేలాడుతుంది. ఇప్పుడే ఈ తప్పు పట్టి పాప సంబరం పాడుచేయకు. ఎప్పుడైనా తోటలో అలాంటిది కనబడితే అప్పుడు చెప్పు. ఆమ్‌హెర్స్ట్‌లో ఆయన పేరుతో బొమ్మల పుస్తకాల మ్యూజియం ఉంది. పాపకు నాలుగేళ్లు నిండాక ఒక ఆదివారం వెళ్లి రండి.

మన తెలుగు కోసం, చెన్నైలో తూలిక వాళ్లు తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కనే ఉండే బొమ్మల పుస్తకాలు వేస్తారు. రెండు మూడు తీసి ఉంచాను, మీ అమ్మ వచ్చేటప్పుడు పంపుతాను. మన వేపపూత, తొలకరి చినుకు, తాటిముంజెలు ఆ దేశపు పుస్తకాల్లో దొరకవు. ఒక గీతల్లేని నోటుపుస్తకం కొని వారానికి ఒక్క పుట పాపతో నింపించు. ఒక పక్క అక్కడ దొరికిన ఆకు అతికించండి. ఇంకో పక్క అదే వారం నేను ఇక్కడి నుంచి చెప్పినది నువ్వు బొమ్మ గియ్యి. ఈ వారం సంగతి రాసుకో: మా పెరట్లో పారిజాతం రాలుతోంది. కాడ నారింజరంగు, రేకులు తెలుపు. తెల్లవారేసరికి నేలంతా ఉంటాయి. నీకు బొమ్మ బాగా రాదని మానవద్దు.

మొదటి మంచు పడిన రోజు సాయంత్రం తప్పకుండా ఫోను చెయ్యి. పాప కోటు విప్పేటప్పుడు జేబులు నువ్వు ముందు చూడవద్దు, తననే చూసుకోనివ్వు. ఏం దొరికిందో నాకు తనే చెప్పాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ