ఏడాది చందా కట్టకండి, అలాగని డంబెల్స్ కూడా ఇప్పుడే కొనకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. రాజోలు దగ్గర పల్లె, వయసు 31, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. జిమ్ము నాలుగు కిలోమీటర్లు. ఏడాదికి 8,000, అదీ నెలాఖరులోగా కడితేనే అన్నారు. ఆ ఎనిమిది వేలు పెట్టి ఇంట్లోకి బరువులు కొనుక్కుంటే శాశ్వతంగా పడుంటాయి కదా అని మీ ఆలోచన. ఈ రెండు పనులూ నేను చేశాను, రెండింట్లోనూ డబ్బు పోగొట్టుకున్నాను.

నాది అంబాజీపేట వైపు. ఎరువుల కొట్టు, వయసు 43. ఆరేళ్ల కిందట ఒకరోజు బస్తాలు మోసే ముఠా వాళ్లు రాకపోతే, ఏముందిలే అని 50 కిలోల డీఏపీ బస్తా నేనే ఎత్తబోయాను. నడుం పట్టేసింది. పదిరోజులు మంచమే. మా ముఠా మేస్త్రి నాకంటే పదేళ్లు పెద్ద, పూటకి ఒక లారీ దించేసి తాపీగా చుట్ట కాల్చుకునే మనిషి. చూడ్డానికొచ్చి, "కుర్చీలో కూర్చున్న నడుం కదండీ, దానికి బస్తా కొత్త" అని నవ్వి వెళ్లాడు. డాక్టరుగారు అదే మాట కాస్త మర్యాదగా చెప్పి, నొప్పి పూర్తిగా తగ్గాక మెల్లగా బరువులు ఎత్తడం అలవాటు చేసుకోమన్నారు.

సంక్రాంతి వెళ్లగానే అమలాపురంలో ఒక జిమ్ములో ఏడాదికి 9,500 కట్టేశాను. ఫిబ్రవరి నుంచి మే దాకా బాగానే వెళ్లాను. జూన్ చివర్లో కాలవలకి నీళ్లొచ్చి సార్వా (తొలకరి వరి) నాట్లు మొదలయ్యాయి. ఇక కొట్లో ఊపిరాడదు. పొద్దున్నే ఆరింటికే రైతు తలుపు కొడుతుంటే నేను జిమ్ముకని ఎక్కడికి పోను? జులైలో మూడు రోజులు వెళ్లాను, ఆగస్టులో వానల వల్ల అదీ లేదు. దసరాకి మళ్లీ మొదలెట్టి, దాళ్వా (రెండో పంట) హడావుడి రాగానే మళ్లీ మానేశాను. కొట్టు లెక్కలు రాసుకునే అలవాటు కొద్దీ దీనికీ ఒక పేజీ పెట్టాను. ఏడాది మొత్తం మీద వెళ్లింది 71 రోజులు. రోజుకి 134 రూపాయలు పడింది, పెట్రోలు కాకుండా. ఆ లెక్క చూసి మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

అయితే ఆ డబ్బు మొత్తం దండగ అనలేను. అక్కడ ఒక కుర్రాడు ట్రైనరుగా ఉండేవాడు. ప్రొటీన్ పౌడరు డబ్బా కొనమని పోరడం తప్పిస్తే మంచివాడు. మొదటి రోజే నా చేతికి ఖాళీ రాడ్డు ఇచ్చి వంగమన్నాడు. వంగాను. "మీరు వీపు వంచుతున్నారండీ, వంగాల్సింది తుంటి దగ్గర" అన్నాడు. నలభై ఏళ్లు దగ్గర పడేదాకా నాకు వంగడం రాదని నాకే తెలీదు! వారంపాటు బరువే ముట్టనివ్వకుండా అదొక్కటే చేయించాడు. పిరుదులు వెనక్కి తొయ్యాలి, వీపు పలకలా నిలబడాలి, రాడ్డు కాళ్లకి రాసుకుంటూ లేవాలి. ఈ ఒక్క సంగతి నేను వీడియోల్లో వందసార్లు చూశాను. చూసినప్పుడల్లా నేనూ అలాగే చేస్తున్నాననే అనుకున్నాను. పక్కన నిలబడి "కాదు" అనే మనిషి లేకపోతే తెలియదు.

మన అమలాపురం దసరా ఊరేగింపులో చెడీ తాలింఖానా చూసే ఉంటారు. కర్రలు, కత్తులు తిప్పేవాళ్లు ఎవరూ ఒంటరిగా గదిలో కూర్చుని నేర్చుకున్నవాళ్లు కారు. పక్కన గురువు ఉంటాడు, చెయ్యి తప్పితే సరిచేస్తాడు. జిమ్ములో మీరు నిజంగా డబ్బిచ్చి కొనుక్కునేది అదే. మిషన్లూ అద్దాలూ పాటలూ తర్వాతి మాట.

ఇక ఇంటి సంగతి. చందా అయిపోయాక రోషం వచ్చి ఆన్‌లైన్లో 20 కిలోల సెట్టు తెప్పించాను, 1,800. నల్లటి ప్లాస్టిక్ బిళ్లలు, లోపల సిమెంటు. అవి కొనకండి. సిమెంటు కదా, బరువు తక్కువ, లావు ఎక్కువ. నాలుగు బిళ్లలు ఎక్కించేసరికి రాడ్డు నిండిపోతుంది, ఇంకో కిలో పెంచుదామన్నా చోటుండదు. ఒకసారి చెయ్యి జారి పడితే అంచు పగిలి హాలంతా బూడిద. చేతులకీ భుజాలకీ నెలన్నర బాగానే పనిచేశాయి, తర్వాత తేలికైపోయాయి. కాళ్లకయితే మొదటి రోజు నుంచే చాల్లేదు.

ఇది కాస్త వివరంగా చెబుతాను, మీ నిర్ణయం దీని మీదే ఉంది. కండ పెరగాలంటే తప్పనిసరిగా భారీ బరువే ఎత్తాలని లేదు. ఎనిమిదిసార్లు ఎత్తి అలిసిపోయే బరువైనా, పాతికసార్లు ఎత్తితే అలిసిపోయే బరువైనా, ఇక ఒకటో రెండో మాత్రమే చెయ్యగలను అనే దాకా తీసుకెళ్తే కండ దాదాపు ఒకేలా పెరుగుతుంది. అందుకే ఛాతీకీ భుజాలకీ చేతులకీ ఇల్లు చాలు. దండీలు తీస్తున్నప్పుడు చేతుల మీద పడేది మన ఒంటి బరువులో మూడింట రెండొంతులు, అంటే 70 కిలోల మనిషికి 45 కిలోల పైమాటే. అవి తేలికైతే స్కూలు బ్యాగులో బియ్యం పోసి వీపుకి తగిలించుకోండి. ఇబ్బంది కాళ్ల దగ్గర, వీపు దగ్గర. కాళ్లు రోజంతా మనల్ని మోసేవే, వాటికి పది కిలోలు లెక్కా? వీపుకి లాగే పని కావాలి, ఇంట్లో లాగడానికి ఏముంటుంది? ఇంట్లో బరువులు మొదలెట్టి మూడో నెలలో మానేసినవాళ్లని నేను చాలామందిని చూశాను, వాళ్లంతా చేతులకే చేసి ఆగిపోయినవాళ్లు.

నేను చేసిన సర్దుబాటు ఇదీ. వీపు కోసం మా పాత పశువుల పాక దూలానికి రెండు వరసల నైలాను తాడు కట్టి, కాళ్లు ముందుకి చాపి వెనక్కి వాలి, ఛాతీ తాడు దాకా లాక్కుంటాను. దూలం గట్టిదో కాదో ముందు వేలాడి చూసుకోండి, చెదలు పట్టిన దూలాలు మన వైపు ఎన్నో. కాళ్లకి ఒంటికాలి మీద కూర్చుని లేవడం, వెనక కాలు మంచం పట్టె మీద పెట్టి. చేతిలో ఏమీ లేకపోయినా పన్నెండోసారికి తొడ మండుతుంది. ఆ తర్వాత 20 లీటర్ల వాటర్ టిన్ను గుండెలకి పట్టుకుని రెండు కాళ్ల మీదా. నీళ్లు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు, ఇంతకంటే చవకైన బరువు లేదు. మా ఆవిడా దాంతోనే మొదలుపెట్టింది. జిమ్ములో ఆడవాళ్ల టైము పదకొండు నుంచి ఒంటిగంట అన్నారు మరి. ఆ వేళ మా ఇళ్లలో ఏ ఆడమనిషికి ఖాళీ ఉంటుందో వాళ్లకే తెలియాలి.

రెండేళ్ల తర్వాత రాజమండ్రి నుంచి పోత ఇనుము బిళ్లలు, కిలో లెక్కన, మొత్తం 60 కిలోలు, ఒక పొడుగు రాడ్డు తెచ్చుకున్నాను. కొనేటప్పుడు రాడ్డు మందం, బిళ్ల కన్నం సరిపోతాయో లేదో అక్కడే ఎక్కించి చూడండి. జిమ్ముల్లో ఎక్కువగా 50 మిల్లీమీటర్ల కన్నం ఉంటుంది, ఇంటి సెట్లకి దాదాపు 30. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. కిలోంపావు బిళ్లలు ఒక జత తప్పకుండా తీసుకోండి. మూడు విడతల్లోనూ పన్నెండేసి సార్లు ఎత్తగలిగాకే, అటొకటి ఇటొకటి వేసి రెండున్నర కిలోలు పెంచాలి. ఒకేసారి పది పెంచితే నాలాగా మంచం ఎక్కుతారు. ఇంకోటి, మన గాలికి ఇనుము నెలలోనే తుప్పెక్కుతుంది. వారానికోసారి గుడ్డకి కొబ్బరినూనె అంటించి తుడుస్తాను. కొబ్బరికి పేరుపడ్డ అంబాజీపేటలో ఉండి దానికి వేరే నూనె కొంటే నవ్వుతారు. కింద టైల్సు పగలకుండా ఆవుల కొట్టాల్లో పరిచే మందపాటి రబ్బరు పరుపు వేశాను. పాడి సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, వ్యాయామానికని అమ్మే పల్చటి మ్యాట్లు దీని ముందు పనికిరావు.

ఇప్పుడు నేను నడిపేది రెండూ. మార్చి నుంచి జూన్ సగం దాకా కొట్లో పని తక్కువ, పైగా ఆ ఎండల్లో మా పాకలో నిలబడితేనే చెమట, రోహిణి కార్తెలో బరువులు ఎత్తడం నావల్ల కాదు. ఆ మూడున్నర నెలలు నెలవారీ చందా కట్టి జిమ్ముకి పోతాను. ఏసీ ఉంది, పెద్ద బరువులున్నాయి, వంగడంలో ఏమైనా తప్పుతుంటే ఎవరో ఒకరు చెబుతారు. సార్వా మొదలైన రోజు నుంచి ఇల్లే. వారానికి మూడు పూటలు, నలభై నిమిషాలు, కొట్టు తెరిచే ముందు. నెలవారీ రేటు ఏడాది రేటు కంటే ఎక్కువే, అయినా మొత్తం మీద నాకు సగం ఖర్చు కూడా కావట్లేదు.

మీకు సార్వా, దాళ్వా లేవు కానీ సాఫ్ట్‌వేర్ రిలీజులుంటాయి, పిల్లలకి జ్వరాలుంటాయి. గత ఏడాది క్యాలెండరు తీసి, రోజూ గంటన్నర బయటికి పోగలిగిన నెలలు ఎన్నో లెక్కపెట్టండి. నాలుగు కిలోమీటర్లంటే దగ్గరే, కానీ మీరు ఆఫీసుకే గడప దాటరు. దారిలో ఉన్న జిమ్ముకి వెళ్లడం వేరు, జిమ్ము కోసమే బట్టలు మార్చుకుని బయల్దేరడం వేరు. అందుకని మీకయితే నా మాట ఇదీ: రెండు నెలలకి మాత్రమే కట్టండి. మిషన్ల జోలికి పోకుండా స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (రాడ్డు నేల మీంచి ఎత్తి నిలబడడం), రాడ్డు పొట్టకి లాగడం, తల మీదికి ఎత్తడం, ఈ నాలుగూ వాళ్ల ఎదురుగా నేర్చుకోండి. పక్కనుంచి ఫోన్లో వీడియో తీయించుకోండి. తర్వాత ఇంటికి ఏం కొనాలో మీకే తెలుస్తుంది. బీపీ ఉంటే ఊపిరి బిగబట్టి ఎత్తకండి, ముందు డాక్టరుకి ఒకమాట చెప్పండి.

పౌడరు అడిగారు. ముందు కంచం చూసుకోండి. మనం అన్నం కొండలా, కూర గోరంతా పెట్టుకునేవాళ్లం. బరువులు ఎత్తేవాళ్లకి ఒంటి బరువు కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ మంచిది, 70 కిలోలకి 85 నుంచి 110 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాములు వస్తుంది. తణుకు చుట్టూ అన్ని కోళ్ల ఫారాలు పెట్టుకుని డబ్బాల కోసం వెతకడం దేనికి? మూడు గుడ్లు, రెండు పూటలా చేపో చికెనో, గట్టి పప్పు, పెరుగు వేసుకుని అప్పటికీ చాలకపోతే పౌడరు కొనుక్కోండి, తప్పులేదు.

కట్టేటప్పుడు రసీదు అడగండి. జీఎస్టీ వేస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ములకి 5 శాతమే, పాత అలవాటున 18 అని రాస్తే ఒప్పుకోకండి. నెలాఖరు ఆఫరు గురించి కంగారొద్దు. నాకు "ఇదే ఆఖరు" అని చెప్పిన రేటు ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి, ఆ తర్వాతి సంక్రాంతికి ఇంకో ఐదొందలు తగ్గి మళ్లీ వాట్సాప్‌లో వచ్చింది.