పాఠకుల ప్రశ్నలు: లారెన్స్ ఒలివియర్ నడిమి దశ

ప్రశ్న: షేక్‌స్పియర్ నాటకాలు మూడింటిని తెరకెక్కించి, ఆస్కార్ కూడా అందుకున్న బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలివియర్, యాభయ్యో పడిలో అడుగుపెట్టే వేళ ఒక చిన్న నాటకశాలలో నాసిరకం హాస్యగాడి వేషం ఎందుకు వేశారు? అవకాశాలు తగ్గడం వల్లనేనా?

జవాబు: అలా అనుకునేవారు చాలామంది ఉన్నారు. 'రిచర్డ్ III' (1955) నిర్మాణానికి అండగా నిలిచిన అలెగ్జాండర్ కోర్డా 1956 జనవరిలో మరణించారు. ఆ తరువాత 'మాక్బెత్'ను తెరకెక్కించాలని ఒలివియర్ ఎంత తిరిగినా పెట్టుబడి కూడలేదు. అయితే ఆ ప్రయత్నం పూర్తిగా ఆగకముందే, తన ఇష్టంతోనే ఆయన ఈ కొత్త దారి పట్టారు. 1956లో లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్ ప్రదర్శించిన జాన్ ఆస్బోర్న్ తొలి విజయవంతమైన నాటకం మొదటిసారి చూసినప్పుడు ఆయనకు నచ్చలేదు. అమెరికన్ నాటకకర్త ఆర్థర్ మిల్లర్‌తో కలసి మరోసారి చూశాక మాత్రం, తనకోసం ఏదైనా రాయగలరా అని ఆస్బోర్న్‌ను తానే అడిగారు. అలా వచ్చిందే 1957 ఏప్రిల్‌లో ప్రదర్శించిన 'ది ఎంటర్‌టైనర్'.

నా దృష్టిలో ఇది ఆయన అంతవరకు చేసిన పనికి సహజమైన కొనసాగింపు. వేదిక మీది నటుడు ప్రేక్షకులతో నేరుగా మాట్లాడగలడు, మరి కెమెరా ముందు నిలబడినవాడు ఎవరితో మాట్లాడాలి అన్నది దర్శకుడిగా ఒలివియర్‌ను మొదటినుంచీ వెంటాడిన సమస్య. 'హెన్రీ V' (1944) షేక్‌స్పియర్ కాలపు గ్లోబ్ నాటకశాలలో మొదలవుతుంది. రాజు వేషం వేసిన నటుడు తెర వెనుక గొంతు సవరించుకోవడం మనకు కనిపిస్తుంది. యుద్ధానికి ముందు సైనికులను ఉత్సాహపరిచే ప్రసంగంలో రాజు స్వరం పెరిగేకొద్దీ కెమెరా వెనక్కి జరుగుతుంది. ఆవేశం పెరిగిన కొద్దీ ముఖానికి దగ్గరగా వెళ్ళడం సినిమాలో అలవాటు; ఆయన మాత్రం గొంతుకు కావలసినంత చోటు ఇచ్చారు. 'హామ్లెట్' (1948)లో ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి కనిపిస్తుంది. ప్రసిద్ధమైన స్వగతంలో కొంత భాగాన్ని పెదవులు కదలకుండా మనసులోని మాటగా వినిపించి, మిగతాది పైకి పలికించారు. అమెరికాలో నిర్మాణం కాని చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ దక్కడం దీనితోనే మొదలు. ఉత్తమ నటుడి ఆస్కార్ కూడా ఆయనకే వచ్చింది. అయినా మూడింటిలో నాకు కొంచెం దూరంగా అనిపించేది ఈ చిత్రమే. ఆ పొడవైన నడవాలూ మెట్లూ మనిషికన్నా ఎక్కువ మాట్లాడతాయి.

'రిచర్డ్ III'కి వచ్చేసరికి ఆయన సంకోచం వదిలేశారు. రిచర్డ్ కెమెరా కళ్ళలోకి చూసి, దగ్గరకు వచ్చి, తన కుట్రను మనకు ఇష్టంగా వివరిస్తాడు. అది వింటున్న మనం, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అతని భాగస్వాములమవుతాం. రెండేళ్ళ తరువాత 'ది ఎంటర్‌టైనర్'లో ఒలివియర్ వేసిన హాస్యగాడు ఆర్చీ రైస్ కూడా ప్రేక్షకులనే చూస్తూ మాట్లాడతాడు. అతనిది మూతపడుతున్న మ్యూజిక్ హాల్, అంటే పాటలూ హాస్యమూ కలిపి ప్రదర్శించే వినోదశాల. అతని జోకులకు నవ్వేవాళ్ళు లేరు. కొడుకు సూయజ్ యుద్ధానికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకుంటాడు. రిచర్డ్‌కు ప్రేక్షకులను లొంగదీసుకోవడానికి పనికివచ్చిన నేర్పే ఇక్కడ వాళ్ళు జారిపోతుంటే చూడవలసిన నిస్సహాయతగా మారింది. గెలవడం తెలిసిన నటుడు ఓడిపోతున్న నటుడిని అంత నిజాయితీగా పోషించాలంటే, తన విద్య మొత్తాన్ని తానే ప్రశ్నించుకోవాలి. ఆ ధైర్యానికే నేను ఆయనను ఎక్కువ గౌరవిస్తాను.

ప్రశ్న: ఆ తరువాత ఆయన సినిమాలకు దర్శకత్వం వహించడం మానేశారా?

జవాబు: చాలాకాలం మానేశారనే చెప్పాలి. మార్లిన్ మన్రోతో కలసి నటిస్తూ దర్శకత్వం వహించిన 1957 నాటి చిత్రం తరువాత, చెహోవ్ 'త్రీ సిస్టర్స్' (1970) వరకు ఆయన సినిమాకు దర్శకత్వం వహించలేదు. ఆ శ్రమంతా వేదికకు వెళ్ళింది. 1962లో చిచెస్టర్ ఉత్సవ నాటకశాలకు తొలి సారథి అయ్యారు. అక్కడ 'అంకుల్ వాన్యా'కు దర్శకత్వం వహించి, డాక్టర్ ఆస్త్రోవ్ వేషం కూడా వేశారు. 1963 అక్టోబర్ 22న లండన్‌లోని ఓల్డ్ విక్ నాటకశాలలో, తన సారథ్యంలోని నేషనల్ థియేటర్ తొలి ప్రదర్శనగా పీటర్ ఓ టూల్ నాయకుడిగా 'హామ్లెట్'ను సమర్పించారు. ఇన్ని బాధ్యతల మధ్య, 1964 నుంచి కొన్నేళ్ళపాటు ఆయనను తీవ్రమైన వేదిక భయం పీడించింది. తాను ఒంటరిగా మిగలకుండా తన కంటికి కనబడేచోట నిలబడమని సహనటుడిని కోరేవారు. అంతటి అనుభవజ్ఞుడికి ఆ స్థితి రావడం తలచుకుంటే బాధగా ఉంటుంది.

ప్రశ్న: ఆయన 'ఒథెల్లో' (1965) చూసి నిరాశపడ్డాను. నాది పొరపాటా?

జవాబు: పొరపాటు కాదు. తెల్లనటుడు ముఖానికి నల్లరంగు పూసుకోవడం ఈనాడు ఇబ్బంది కలిగిస్తుంది, కలిగించాలి కూడా. దానికి తోడు అది రంగస్థల ప్రదర్శననే దాదాపు యథాతథంగా చిత్రీకరించిన సినిమా. ఓల్డ్ విక్ చివరి వరుస వరకు చేరడానికి మలచిన ఆంగికం, ప్రత్యేక సాధనతో కిందికి దించిన ఆ గొంతు, దగ్గరి షాట్‌లో అతిగా కనిపిస్తాయి. మీరు 'రిచర్డ్ III' చూసి, వెంటనే టోనీ రిచర్డ్‌సన్ దర్శకత్వంలో 1960లో వచ్చిన 'ది ఎంటర్‌టైనర్' సినిమా చూడండి. రెండింటిలోనూ ఒలివియర్ కళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో గమనించండి.