70 దాటితే జీపు టాపు టపటపా కొట్టుకుంటోందా? కొత్త టాపు వేయించే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: సెకండ్ హ్యాండ్‌లో మహీంద్రా మేజర్ తీసుకున్నారు, రెక్సిన్ టాపు. 60 వరకూ నోరెత్తదు, 70 దాటిందంటే నెత్తి మీద టపటపా మొదలు, 80కి పక్కవాళ్ల మాట కూడా వినపడదు. కుషన్ షాపులో కొత్త టాపు కుట్టించాల్సిందే అన్నారు, స్నేహితులేమో ఫైబర్ హార్డ్ టాపు వేయించమంటున్నారు. ఏది మంచిదని అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దు. బట్ట చిరగలేదు, కుట్లు ఊడలేదు అని మీరే రాశారు. అలాంటి టాపును సరిగ్గా బిగించుకుంటే చాలు. మాదీ మేజరే. ఊరు అనంతపురం. తోటకీ, పెళ్లిళ్లకీ, అప్పుడప్పుడు హైదరాబాద్‌కీ అదే బండి. మా వైపు గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా.

ముందు 60కీ 80కీ అంత తేడా ఎందుకంటే, గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 17 కిలోల బరువుతో సమానం. 80 దగ్గర అది 30 అవుతుంది, 100 దగ్గర 47. మేజర్ టాపు పైభాగమే రెండు చదరపు మీటర్ల పైన ఉంటుంది. పైగా జీపు ముందు అద్దం నిలువుగా, పలకలా ఉంటుంది. గాలి దానికి గుద్దుకుని పైకి ఎగిరి, అద్దం పై అంచు దాటగానే చెదిరి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల వల్ల బట్ట మీద లాగుడు ఒకే తీరుగా ఉండదు. ఒక క్షణం పైకి లాగుతుంది, మరుక్షణం వదిలేస్తుంది. బట్టలో ఏ కాస్త వదులున్నా లేచి, టాపును కింద నుంచి మోసే అడ్డ పైపుల మీద పడుతుంది. మీకు వినపడే టపటప అదే.

పైనుంచి లాగేది సగమే. మిగతా సగం లోపలి నుంచి వస్తుంది. ముందు తలుపుల అద్దాలు తెరిచి, వెనక పరదా మూసి నడిపితే లోపలికి దూరిన గాలికి బయటికి దారి ఉండదు, టాపును పైకి తోస్తుంది. చాలామంది ఈ పరీక్ష చేయకుండానే షాపుకు పోతారు. ఒకసారి అన్నీ మూసి 80లో నడిపి చూడండి, మళ్లీ ముందు అద్దాలు తెరిచి అదే వేగంలో చూడండి. తెరిచినప్పుడే చప్పుడు పెరిగితే సగం జబ్బు దొరికినట్టే.

అయితే ఒక జాగ్రత్త. లోపలి గాలి పోవాలని ముందు అద్దాలు మూసి వెనక పరదా ఒక్కటే ఎత్తి కట్టొద్దు. నడుస్తున్న బండి వెనక గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది. దాంతో సైలెన్సర్ పొగ, దుమ్ము తిరిగి లోపలికే వస్తాయి. వెనక సీట్లో పిల్లలుంటే అసలు పనికిరాదు. తెరిస్తే ముందూ వెనకా రెండూ తెరవండి, లేకపోతే రెండూ మూసేయండి. హైవే మీద నేను మూసే నడుపుతాను.

ఇక వదులు ఎక్కడుందో పట్టుకోవడం. బండి మీరు నడపకండి, ఇంకొకరికి ఇచ్చి మీరు వెనక కూర్చోండి. బెల్టు పెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద. రెండు పైపుల మధ్య బట్టకు అరచేయి ఆనించి ఉంచండి. బట్ట మొత్తం చేతికి అందకుండా పైకి లేచి మళ్లీ వచ్చి తగులుతుంటే అది ఉబ్బడం. బట్ట కదలకుండా, పక్క అంచు మాత్రం జరజరలాడుతుంటే అది అంచు సమస్య. ఈ రెండింటికీ మందు వేరు. ముందు అద్దం పై అంచు వెంబడి లోపల నాలుగైదు చోట్ల ఊలు దారం ముక్కలు టేపుతో అతికించండి. ఏ ముక్క ఎగురుతుందో అక్కడి నుంచి గాలి దూరుతోందని లెక్క.

నూటికి తొంభై బండ్లలో తప్పు ఆ ముందు అంచులోనే ఉంటుందని నా అభిప్రాయం. అద్దం ఫ్రేము మీద రేకు చానెల్ ఉంటే, టాపు అంచులో తాడు పెట్టి కుట్టి దాన్ని ఆ చానెల్‌లోకి దూరుస్తారు. కొన్నాళ్లకు లోపలి తాడు కుంగి సన్నబడుతుంది, చానెల్ నోరు తెరుచుకుంటుంది. చానెల్ లేకుండా గుండీలతో బిగించే టాపులో గుండీకీ గుండీకీ మధ్య బట్ట ముడత పడి చిన్న నోరులా తెరుచుకుంటుంది. వేలు దూరే సందు ఉందంటే 80లో దానిలోంచి గాలి బట్ట కిందికి దూరిపోతుంది. అంచు విప్పించి కాస్త లావు తాడు పెట్టి మళ్లీ కుట్టించండి, చానెల్ నోరు దగ్గరికి నొక్కించండి. ఫ్రేముకూ బట్టకూ మధ్య డోరుకు వాడే రబ్బరు బీడింగ్ ఒక వరస అతికించండి. పెద్ద ఖర్చేమీ కాదు. మా బండికి ఈ పనితోనే చప్పుడు బాగా తగ్గింది.

ఆ తర్వాత చూడాల్సినవి పైపులు. అద్దం ఫ్రేము పైనుంచి చివరి పైపు దాకా నడి మధ్యలో ఒక దారం బిగించి పట్టుకోండి. మధ్య పైపు ఆ దారాన్ని పైకి నెట్టాలి, కనీసం ఒక సెంటీమీటరు. దారం పైపుకు తగలకుండా గాలిలో ఉందంటే ఆ పైపు ఉండీ లేనట్టే, బట్టకు ఆసరా లేదు. పాత బండ్లలో పైపు వంగడం, వెల్డింగ్ చేసినప్పుడు కిందికి కూర్చోవడం మామూలే. నేను ఏసీ రాగి పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీల్చి మధ్య పైపుకు తొడిగి, దాని మీద రెక్సిన్ చుట్టించాను. ఫోమ్ ఒక్కటే అయితే నొక్కుకుపోయి పొడి రాలుతుంది. పైన రెక్సిన్ ఉంటే నిలుస్తుంది. బట్ట ఇనుము మీద పడే చప్పుడు కూడా దీనితో మెత్తబడుతుంది.

ఇప్పుడు నవారు. అద్దం ఫ్రేము నుంచి ప్రతి పైపుకూ ఒక చుట్టు చుడుతూ చివరి పైపు దాకా రెండు వరసలు లాగి బకిళ్లతో బిగించాలి, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి. రెండంగుళాల వెడల్పు చాలు. మంచాలకు అల్లే నూలు నవారు వద్దు, నైలాన్ కూడా వద్దు, నైలాన్ తడిస్తే సాగుతుంది. లోడు లారీల మీద బిగించే బెల్టుల్లో వాడే పాలిస్టర్ పట్టీ తీసుకోండి. నవారు పైపుల్ని ముందుకూ వెనక్కూ ఊగకుండా పట్టుకుంటుంది, అంతే. బట్టను మాత్రం అది పట్టుకోదు, ఎందుకంటే నవారు కింద ఉంటుంది, బట్ట లేచేది పైకి. చాలామంది నవారు లాగి ‘అయినా తగ్గలేదు’ అనేది ఇందుకే. బట్టకు లోపలి వైపు, పైపు వచ్చే చోట, జానెడు వెడల్పు వెల్క్రో పట్టీలు కుట్టించి పైపు చుట్టూ తిప్పి అంటించాలి. ఒక్కో పైపుకు మూడు చాలు. అప్పుడు బట్ట ఒకేసారి రెండు మీటర్ల పొడవునా లేవలేదు. పైపుకూ పైపుకూ మధ్య ముక్కలు ముక్కలుగా ఆగిపోతుంది.

పట్టీలు కుడితే ఆ సూది రంధ్రాల్లోంచి వాన కారుతుంది. మొత్తం టాపుకు కుట్టకుండా, ఇప్పటికే కుట్టు ఉన్న అతుకుల దగ్గరే పట్టీ కలిపి కుట్టమనండి. మా కుషన్ భాయ్ నేను ఆ మాట చెప్పకముందే అలా చేశాడు. దారం పాలిస్టర్‌దే ఉండాలి, మా ఎండకు నూలు దారం ఇట్టే పుచ్చిపోతుంది.

బిగించే వేళ కూడా ముఖ్యమే. రెక్సిన్ అయితే మిట్టమధ్యాహ్నం, బండిని ఓ గంట ఎండలో పెట్టి, బట్ట మెత్తబడ్డాక లాగి బిగించాలి. సాయంత్రం చల్లబడేసరికి డప్పులా బిగుసుకుంటుంది. పొద్దున్నే చలిలో బిగిస్తే మధ్యాహ్నానికి మళ్లీ వదులే. నూలు కాన్వాస్ సంగతి వేరు. అది తడిస్తే బిగుస్తుంది, ఆరితే వదులవుతుంది. ఆరినప్పుడే మరీ బిగలాగి కడితే మొదటి వానకు ఇత్తడి రింగుల్ని బట్టలోంచి పీకేస్తుంది.

పక్క పరదాలకు వద్దాం. ఇవి ఉబ్బవు, అంచు జరజరలాడుతుంది. టిచ్ బటన్ల మధ్య దూరం ఎక్కువుంటే మధ్యలో ఇంకో బటన్ కొట్టించండి. కింది అంచు కొక్కేలకు తాడు బదులు పాత ట్యూబు రబ్బరు ముక్కలు వాడండి. పరదాకు కాస్త సాగుడు ఉంటే మంచిదే, ఎప్పుడూ బిగువుగా ఉంటుంది. పై టాపుకు మాత్రం రబ్బరు పెట్టొద్దు, సాగిన కొద్దీ బట్టకు లేచే చోటు ఇచ్చినట్టవుతుంది. మా దగ్గర జూన్, జులైల్లో గాలి పడమటి నుంచి కొడుతుంది, 44వ నంబరు హైవే ఉత్తర దక్షిణంగా పోతుంది. అంటే హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఎడమ పరదాకు దెబ్బ, బెంగళూరు వెళ్లేటప్పుడు డ్రైవరు పక్కకు. బయలుదేరే ముందు ఆ పక్క కొక్కేలు రెండోసారి చూసుకుంటే దారిలో ఆపే పని ఉండదు. పెద్ద కంటైనర్ లారీని దాటేటప్పుడు దాని క్యాబిన్ పక్కకు వచ్చేసరికి గాలి మారి బట్ట ఒక్కసారి ‘ఫట్’మంటుంది. అది ఎంత బిగించినా కొంత ఉంటుంది, దానికి టెన్షన్ పడకండి.

ఈ పనులన్నీ అయ్యేదాకా ప్రయాణం ఆపలేకపోతే, తాత్కాలికంగా లారీ బెల్టు ఒకటి టాపు మీదుగా అడ్డంగా వేసి అటూ ఇటూ బాడీకి బిగించవచ్చు. తాడు వేయకండి, గాలికి ఊగి రెక్సిన్‌ను కోసేస్తుంది. బెల్టు కూడా చదునుగా వేస్తే గాలికి ‘జుయ్’మని మోగుతుంది. టాపు మీద ఆనే చోట చదునుగా ఉంచి, అంచు దాటి గాలిలో వేలాడే భాగంలో ఒక మెలి తిప్పండి, మోత ఆగిపోతుంది. లోడు మీద బెల్టు బిగించే లారీవాళ్లను గమనించండి, మెలి తిప్పకుండా వదలరు.

లోపల మందపాటి మ్యాట్ అతికించమనీ, డబుల్ రెక్సిన్ వేయమనీ కొందరు అంటారు. నాకు నచ్చలేదు. చప్పుడు కాస్త మందగిస్తుంది గానీ బట్ట కొట్టుకోవడం ఆగదు, పైగా బరువుకు కుట్లు ముందుగా తెగుతాయి.

హార్డ్ టాపు గురించి: వానాకాలం ఎక్కువ తిరిగేవాళ్లకు, రాత్రుళ్లు బండి వీధిలో పెట్టేవాళ్లకు అది మంచిదే, కాదనను. కానీ వేయించే ముందు మీ ఆర్‌సీలో బాడీ టైపు ఏమని రాసి ఉందో చూసుకోండి. బండి వివరాలు ఆర్‌సీకి భిన్నంగా మారేలా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, ముందుగా ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోవడం మేలు. ఫైబర్ టాపు బోల్టులు వదులైతే గతుకుల రోడ్డు మీద అదీ మోగుతుంది, ఆ మోత ఇంకా చికాకు.

ఇది చదివే థార్ వాళ్లకు ఒక్క మాట. 2010లో వచ్చిన పాత థార్‌కు పైన చెప్పినవి దాదాపు అన్నీ పనికొస్తాయి. 2020 తర్వాత వచ్చిన కన్వర్టిబుల్ టాపును మాత్రం బయట కోయించి కుట్టించకండి. ముందు అద్దం దగ్గర పట్టే క్లాంపులు, జిప్పులు, రబ్బర్లు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడమని సర్వీసులో అడగండి.

మీకు కొత్త టాపు నిజంగా ఎప్పుడు అవసరమంటే, రెక్సిన్‌ను మడిచి చూసినప్పుడు మడత మీద పైపూత పగిలి లోపలి నూలు కనపడితే, లేదా కుట్టు వెంబడి సూది రంధ్రాలు సాగి ఒకదానితో ఒకటి కలిసిపోతుంటే. అప్పుడు ఎంత బిగించినా ఆ వరసే చిరుగుతుంది. లేదంటే ఇదే టాపు ఇంకొన్నేళ్లు వస్తుంది.

అన్నీ చేయించాక హైవే ఎక్కిన మొదటి 50, 60 కిలోమీటర్లకు ఒకసారి ఆపి బకిళ్లు చూడండి, కొత్త పట్టీ కొంత సాగుతుంది. బిగించేటప్పుడు అద్దం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. వెనక నుంచి మొదలుపెడితే వదులంతా ముందుకు జరిగి మళ్లీ అద్దం అంచు దగ్గరే చేరుతుంది.