టీవీ చెప్పే ఇంటి ఖర్చులో కలవని ఖర్చులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇళ్లు కొనడం, బాగుచేయించడం మీద అమెరికా టీవీలో వచ్చే కార్యక్రమాల గురించే ఉన్నాయి. నిర్మాణ వ్యయాల అంచనాలు వేసే వృత్తిలో ఉన్న మా సివిల్ ఇంజినీరు వాటిలో కొన్నింటికి సమాధానాలు ఇస్తున్నారు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర 1955లో కట్టిన ఇల్లు కొన్నాం. వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీయించి, వంటిల్లు పూర్తిగా కొత్తగా చేయించి, రెండు స్నానాల గదులు బాగు చేయించాలని మా ఆలోచన. ఇంచుమించు ఇదే పని టీవీలో 60,000 డాలర్లకు, ఆరు వారాలలో పూర్తిచేసి చూపించారు. మమ్మల్ని చూడవచ్చిన ముగ్గురు కాంట్రాక్టర్లు 1,30,000 నుంచి 1,55,000 దాకా చెప్పారు. పరాయి దేశం వాళ్లమని ఎక్కువ చెబుతున్నారా? మాకు ఇద్దరు చిన్నపిల్లలు.
— ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: కొటేషన్లు మూడూ ఉత్తరంతో పాటు పంపడం మంచిదైంది. ఒకరినొకరు ఎరగని ముగ్గురు దగ్గరదగ్గర ఒకే మొత్తానికి వచ్చారంటే, మీ ఊళ్లో ఆ పనికి అంత అవుతుందనే అర్థం. మిమ్మల్ని చూసి ధర పెంచినట్లు ఆ కాగితాలలో నాకెక్కడా కనిపించలేదు. తేడా అంతా టీవీ లెక్కలో ఉంది.

ఆ కార్యక్రమాలలో సాధారణంగా ఇంటివారు తమ డబ్బే పెట్టుకుంటారు. అయితే తెర మీద చెప్పే మొత్తంలో డిజైనరు రుసుము చాలాసార్లు ఉండదు. ప్రచారం దొరుకుతుందని వస్తువుల తయారీదారులు సరుకును తగ్గింపు ధరకో, ఊరికేనో ఇస్తారు. స్థానిక పనివారు కూడా అదే కారణంగా తమ లాభం తగ్గించుకుంటారు. 2013లో మొదలైన ‘ఫిక్సర్ అప్పర్’లో చివర ఇల్లు చూపించేటప్పుడు గదుల నిండా కనిపించే సామాను చిత్రీకరణ కోసం తెచ్చిపెట్టింది, కావాలంటే ఇంటివారు విడిగా కొనుక్కోవలసిందే. పైగా ఆ కార్యక్రమం టెక్సస్‌లోని వేకోలో తీసినది. అక్కడి కూలి రేట్లకూ న్యూయార్కు పక్కనున్న మీ ఊరి రేట్లకూ పోలిక లేదు. మీరు చూసిన భాగం ఏ సంవత్సరానిదో కూడా గమనించాలి, ఎందుకంటే పదేళ్ల కిందటి భాగాలు ఇవాళ్టికీ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి. కోవిడ్‌కు ముందు వెయ్యి బోర్డు అడుగులకు (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క ఒక బోర్డు అడుగు) 400 డాలర్ల చుట్టుపక్కల ఉన్న కలప ధర 2021 మే నెలలో 1,600 దాటింది. తరవాత కలప దిగివచ్చినా కూలి దిగిరాలేదు. ఇళ్ల మరమ్మతు ఖర్చుల మీద అమెరికాలో ఏటా వెలువడే ‘కాస్ట్ వర్సెస్ వాల్యూ’ నివేదిక 2024లో ఒక మధ్యస్థాయి వంటింటిని పూర్తిగా మార్చడానికి జాతీయ సగటు దాదాపు 80,000 డాలర్లని లెక్కగట్టింది. అది వంటింటికి మాత్రమే.

గోడ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే టీవీలో అన్నిటికంటే తేలికగా కనిపించేది అదే. యజమాని సమ్మెట ఎత్తుతారు, ప్రకటనల విరామం తరవాత గోడ ఉండదు. మీ ఇంట్లో ఆ గోడ పై అంతస్తు నేలను మోస్తోందని రెండో కాంట్రాక్టరు రాశారు. అందువల్ల ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి, దాని స్థానంలో ఎంత దూలం కావాలో లెక్కకట్టి నక్షా ఇవ్వాలి. ఆ నక్షాతో మునిసిపాలిటీ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. గోడకు రెండు పక్కలా తాత్కాలికంగా చెక్క గోడలు నిలబెట్టి పై బరువును వాటి మీదికి మళ్లించాకే అసలు గోడ విప్పుతారు. విప్పాక లోపల కరెంటు తీగలు, పై స్నానాల గది నుంచి దిగే మురుగు గొట్టం, దాని గాలి గొట్టం, వేడిగాలి వచ్చే డక్టు ఏవి కనిపిస్తే వాటన్నిటికీ వేరే దారి చూపాలి. కొత్త దూలం ఎక్కించాక దాని రెండు కొసల కింద స్తంభాలు రావాలి, అవసరమైతే ఆ స్తంభాల కింద బేస్‌మెంట్ నేల తవ్వి కాంక్రీటు పునాది వేయాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా దేన్నీ మూయకూడదు. ఈ వరసలో ఏ మెట్టూ వదిలేయడానికి వీల్లేదు. టీవీవారు చూపించనంత మాత్రాన ఈ పనులు, వాటి ఖర్చు లేకుండా పోవు.

మీ ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి మరొకటి గట్టిగా చెప్పాలి. 1978కి ముందు కట్టిన అమెరికా ఇళ్లలో సీసం కలిసిన రంగులు ఉండే అవకాశం ఉంది. అలాంటి ఇళ్లలో రంగు చెదిరే పని చేసే సంస్థకు పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇచ్చే ప్రత్యేక ధ్రువీకరణ ఉండాలని 2010 నుంచి నిబంధన అమలులో ఉంది. మూడు కొటేషన్లలో ఒక్కదానిలోనే దాని ప్రస్తావన ఉంది, అదే 1,55,000 చెప్పినది. మిగిలిన ఇద్దరినీ ఆ ధ్రువపత్రం చూపించమని అడగండి. ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి చేరితే వచ్చే నష్టాన్ని ఏ ఖర్చుతోనూ పూడ్చలేము.

ఒప్పందంలో ‘అలవెన్స్’ (ఒక వస్తువుకు కాంట్రాక్టరు ముందుగా కేటాయించే మొత్తం) అన్న మాట కనిపించిన ప్రతి చోటా ఆగి చదవండి. మొదటి కొటేషన్‌లో టైల్స్‌కు చదరపు అడుగుకు 4 డాలర్లే వేశారు. మీరు దుకాణంలో 11 డాలర్ల టైల్స్ ఎంచుకుంటే మిగతా 7 డాలర్లు మీరే కట్టుకోవాలి. కనిపించేటప్పటికి ఆ కొటేషన్ చవకగా ఉండడానికి ముఖ్య కారణం ఇదే. న్యూజెర్సీలో 500 డాలర్లు దాటిన ఇంటి మరమ్మతు పనికి రాతపూర్వకమైన ఒప్పందం తప్పనిసరి కాబట్టి, మాట మీద ఏదీ వదలకండి. అరవై ఐదేళ్లు దాటిన ఇల్లు కనుక మొత్తం మీద మరో 20 శాతం విడిగా ఉంచుకోండి. అంత వీలుకాకపోతే ఒక స్నానాల గదిని వచ్చే ఏడాదికి వాయిదా వేయడం నయం.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గర ఉండడానికి టెక్సస్ వచ్చాను. పగలు టీవీలో ఇళ్లు కొనే కార్యక్రమాలు చూస్తుంటాను. ముప్పై ఏళ్లు నిండని జంటలు, ఒకరికే పూర్తి ఉద్యోగం ఉన్నవారు కూడా 6 లక్షల డాలర్ల బడ్జెట్ అని ధైర్యంగా చెబుతున్నారు. మా అబ్బాయి, కోడలు ఇద్దరూ సంపాదిస్తూ ఎందుకు వెనకాడుతున్నారో అర్థం కావడం లేదు. అడిగితే మాటామాటా పెరుగుతోంది.
— ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు: పిల్లల మీద ప్రేమతోనే మీరు అడుగుతున్నారని తెలుస్తూనే ఉంది. కానీ ఆ కార్యక్రమాలలోని జంటలతో మాత్రం వారిని పోల్చకండి. మూడు ఇళ్లు చూసి ఒకటి ఎంచుకున్నట్లు చూపించే ‘హౌస్ హంటర్స్’ 1999 నుంచి వస్తోంది. అందులో పాల్గొన్న ఒక మహిళ 2012లో అసలు సంగతి బయటపెట్టారు. చిత్రీకరణ నాటికే ఆమె ఇల్లు కొనేశారు, మిగతా రెండు ఇళ్లూ స్నేహితులవి. కొనుగోలు చాలా దూరం సాగిన కుటుంబాలనే ఎంచుకుంటామని, అలా చేస్తే చిత్రీకరణకు సమయం కలిసివస్తుందని దాన్ని ప్రసారం చేసే ఛానల్ కూడా ఒప్పుకుంది. అంటే బడ్జెట్ ముందూ ఇల్లు తరవాతా కాదు, ఇల్లు కొన్నాక చెప్పిన బడ్జెట్ అది. తెర మీది జంటకు పెద్దలు ఎంత ఇచ్చారో, పాత ఇల్లు అమ్మితే ఎంత వచ్చిందో, నెల వాయిదా ఎంతో కార్యక్రమం సాధారణంగా చెప్పదు.

మీ అబ్బాయి చూసుకునే లెక్క ఇంచుమించు ఇలా ఉంటుంది. 6 లక్షల ఇంటికి 20 శాతం, అంటే 1,20,000 ముందే చేతిలో ఉండాలి. మిగిలిన 4,80,000కు ఆరున్నర శాతం వడ్డీతో ముప్పై ఏళ్ల అప్పు తీసుకుంటే నెలకు 3,034 డాలర్లు కట్టాలి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ ఇంటి పన్ను బరువైనది. సుమారు 2 శాతం వేసుకున్నా నెలకు 1,000 అవుతుంది. వడగళ్ల వానల భయంతో బీమా కూడా అక్కడ ఎక్కువే. కాలనీ సంఘం రుసుము, ఇంటి చిన్నాచితకా మరమ్మతులు వీటికి అదనం. ఇల్లు కొన్న మర్నాటి నుంచి నెలకు నాలుగున్నర వేల డాలర్ల దాకా క్రమం తప్పకుండా పోతాయి. వారు వీసా మీద ఉన్నవారైతే, ఉద్యోగం పోయిన అరవై రోజులలో వేరే దారి చూసుకోవలసిన భయం కూడా ఉంటుంది. ఆ వెనకాడడం జాగ్రత్త వల్లే తప్ప చేతగాక కాదు. ఈసారి ‘ఎందుకు కొనరు’ అని అడిగే బదులు ‘నెలకు ఎంత దాకా మోయగలమనుకుంటున్నారు’ అని అడిగి చూడండి, వారు కాగితం తీసి మీతో కలిసి లెక్క వేస్తారు.

ప్రశ్న: ఇలాంటి కార్యక్రమాలన్నీ ఇంతేనా? ఖర్చు ఉన్నదున్నట్లు చూపించేది ఒక్కటీ లేదా?
— ఒక పాఠకుడు, రీడింగ్, ఇంగ్లండ్

జవాబు: మీ దేశంలోనే ఉంది. ఛానల్ 4లో 1999 నుంచి వస్తున్న ‘గ్రాండ్ డిజైన్స్’లో వ్యాఖ్యాత కెవిన్ మెక్‌క్లౌడ్ సొంత ఇల్లు కట్టుకునేవారిని మొదట్లోనే బడ్జెట్ అడుగుతారు, చివర మళ్లీ అడుగుతారు. ఉత్తర డెవన్ సముద్రతీరంలో లైట్‌హౌస్ ఆకారంలో కట్టిన ఇంటి కథ 2019లో ప్రసారమైంది. 18 లక్షల పౌండ్లతో పూర్తవుతుందనుకున్న ఆ ఇల్లు ఏళ్లు గడిచినా పూర్తికాక యజమానిని పెద్ద అప్పులలో దించింది. అదంతా దాచకుండా చూపించారు. దానికి పూర్తి భిన్నమైనది అమెరికాలో 2003 నుంచి 2012 దాకా ఏబీసీలో వచ్చిన ‘ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్’. విరాళంగా వచ్చిన సరుకుతో, వందలాది స్వచ్ఛంద కార్యకర్తలతో వారం రోజులలో భవనం లేపి కష్టాల్లో ఉన్న కుటుంబానికి ఇచ్చేవారు. ఉద్దేశం మంచిదే. కాని పెద్ద ఇంటికి వచ్చే కరెంటు బిల్లులు, పెరిగిన ఇంటి పన్ను కొన్ని కుటుంబాలకు మోయలేని భారమయ్యాయి. జార్జియాలో 2005లో కట్టించి ఇచ్చిన ఇంటి మీద ఆ కుటుంబం 4,50,000 డాలర్ల అప్పు తీసుకోగా, 2008 నాటికి అది జప్తు దాకా వెళ్లింది.

ప్రశ్న: నలుగురు స్నేహితులం డబ్బు వేసుకుని పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మాలనుకుంటున్నాం. టీవీలో ఒక్కో ఇంటికి 50,000 డాలర్ల లాభం చూపిస్తున్నారు. ఇది సాధ్యమా?
— ఒక పాఠకుడు, షార్లెట్

జవాబు: టీవీ లెక్కలో అమ్మిన ధర నుంచి కొన్న ధర, మరమ్మతు ఖర్చు తీసేసి మిగిలినదాన్ని లాభమంటారు. 3,00,000కు కొని, 50,000 పెట్టి, 4,00,000కు అమ్మితే 50,000 మిగిలినట్లే కనిపిస్తుంది. మీరు ఆ కాగితం మీద ఇంకా కొన్ని వరసలు రాయాలి. అమ్మేటప్పుడు ఏజెంట్లకూ అమ్మకం పూర్తిచేసే ఇతర ఖర్చులకూ 7 శాతం అనుకుంటే 28,000. కొనేటప్పటి ఖర్చులు 2 శాతం చొప్పున 6,000. కొన్న ధర మొత్తం 11 శాతం వడ్డీకి తెచ్చి ఆరు నెలలు ఉంచుకుంటే 16,500. ఈ మూడూ కలిపితే 50,500. ఆరు నెలల ఇంటి పన్ను, బీమా, కరెంటు ఇంకా కలపనే లేదు. ఎప్పుడైనా లాభం మిగిలితే ఏడాదిలోపు అమ్మిన దానికి పన్ను రాయితీ ఉండదు, మీ జీతం మీద పడే రేట్లలోనే పన్ను కట్టాలి. మీ నలుగురిలో ఒక్కరికైనా నిర్మాణ పనిలో అనుభవం లేకపోతే ఈ ఆలోచన మానుకోమనే చెబుతాను. స్నేహాలు కూడా ఇందులో చెడిపోతాయి.

ప్రశ్న: అమెరికా కార్యక్రమాలు యూట్యూబ్‌లో చూసి, 1980లలో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో గదుల మధ్య గోడలు తీసేయాలనుకుంటున్నాను. ఒక ఇంటీరియర్ సంస్థ చదరపు అడుగుకు 1,400 రూపాయలు చెప్పింది. మా ఇల్లు 1,200 చదరపు అడుగులు కనుక 17 లక్షలలోపే అవుతుందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమెరికాలో ఇళ్లు ఎక్కువగా చెక్క చట్రంతో కడతారు, గదుల మధ్య గోడలు జిప్సం పలకలవి. మీ ఇంట్లో ఉన్నవి ఇటుక గోడలు. ఆ కాలపు ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు, శ్లాబు బరువు నేరుగా గోడల మీదే ఉంటుంది. అందుచేత స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి రాతపూర్వకంగా చెప్పేదాకా మేస్త్రీ చేత ఒక్క ఇటుక కూడా తీయించకండి.

ఇక ఆ 1,400 మీ ఇంటి నేల విస్తీర్ణానికి చెప్పినది కాకపోవచ్చు. చెక్క పనికి అల్మారాలు, వంటింటి కబోర్డుల ముందుభాగం కొలతను, అంటే వెడల్పును ఎత్తుతో హెచ్చించి రేటు కట్టడం మామూలు. ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న ఒక్క అల్మారాకే 49 చదరపు అడుగులు, అంటే 68,600 రూపాయలు అవుతుంది. ఫాల్స్ సీలింగ్, రంగులు, వైరింగ్, నేల, స్నానాల గదుల పని అందులో ఉన్నాయో లేవో రాయించుకోండి. 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పారో, విడిగా వేస్తారో అడగండి. నలభై ఏళ్ల నాటి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) నీటి గొట్టాలు, పాత వైరింగు మార్చక తప్పదు. కాబట్టి ముందు ప్లంబరునూ ఎలక్ట్రీషియన్‌నూ పిలిపించి వాటి అంచనా తీసుకోండి. ఆ మొత్తం పక్కన పెట్టాక మిగిలిన డబ్బుకు తగ్గట్టు ఏ గదికి ఎంత చెక్కపని పెట్టుకోవచ్చో ఆ సంస్థతో మాట్లాడండి.