జైళ్ల మీద ఆర్ట్ ప్రాజెక్టా? జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో డేటా సైన్స్ ఎమ్మెస్ చేస్తోంది. అది మానేసి, అక్కడి ఖైదీల ఉత్తరాలు, కవితలు సేకరించే ప్రాజెక్టు చేస్తానంటోంది. ఫౌండేషన్లు డబ్బులిస్తాయట. ఏది మేలు? జైలు వాళ్లతో పనంటే రేపు సంబంధాలెలా వస్తాయి?

జవాబు: డబ్బుందా అంటే ఉంది సార్. అమెరికా ఆర్ట్ కలెక్టర్ ఆగ్నెస్ గండ్ 2017లో తన దగ్గరున్న పాప్ ఆర్టిస్టు లిక్టెన్‌స్టైన్ పెయింటింగ్ అమ్మి, అందులో 10 కోట్ల డాలర్లతో, జైళ్ల సంస్కరణకు పనిచేసేవాళ్ల కోసం ఆర్ట్ ఫర్ జస్టిస్ ఫండ్ పెట్టారు. మెలన్ ఫౌండేషన్ ‘ఇమాజినింగ్ ఫ్రీడమ్’ పేరుతో జైళ్ల మీద జరిగే కళ, సాహిత్య ప్రాజెక్టులకు 12.5 కోట్ల డాలర్లు ప్రకటించింది. పిల్లలు ఈ అంకెలే చూస్తారు, నా అనుమానమంతా అక్కడే. గండ్ గారి ఫండ్ ముందే అనుకున్నట్టు 2023లో ముగిసిపోయింది. 2025 ఏప్రిల్‌లో సాహిత్యం, చరిత్ర లాంటి హ్యుమానిటీస్ పనులకు డబ్బిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది హ్యుమానిటీస్ అయితే అప్పటికే ఇచ్చిన గ్రాంట్లను కూడా వెయ్యికి పైగా రద్దు చేసేసింది, పని సగంలో ఉన్నవాళ్లు సగంలోనే ఆగిపోయారు. పైగా పెద్ద గ్రాంట్లు ఎక్కువగా యూనివర్సిటీలకో, స్వచ్ఛంద సంస్థలకో వెళ్తాయి, స్టూడెంట్ ఖాతాలో పడవు.

కాబట్టి ఎమ్మెస్ మానొద్దు. మానేస్తే వీసాకే ఎసరు. డేటా సైన్స్‌కి ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, ఏడాది పోగా ఇంకో రెండేళ్లు దొరకొచ్చు, హ్యుమానిటీస్‌కి ఆ ఏడాదే. అలాగని డేటా సైన్స్ చదివితే ఉద్యోగం రాసిపెట్టి ఉందని నేననను.

ఇక సంబంధాల మాట. మీ అసలు ప్రశ్న అదే, మిగతాది ముసుగు. అక్కడ సుమారు 19 లక్షల మంది కటకటాల వెనక ఉన్నారు, వాళ్లతో టీచర్లు, లాయర్లు, ఆర్టిస్టులు రోజూ పనిచేస్తున్నారు. రెజినాల్డ్ డ్వేన్ బెట్స్ పదహారేళ్లకు జైలుకెళ్లి, తర్వాత యేల్‌లో లా చదివి, ఇప్పుడు జైళ్లలో 500 పుస్తకాల లైబ్రరీలు పెట్టిస్తున్నారు. ఈ పనిలో మీకు కనిపించిన తప్పేంటి? మీ టెన్షన్‌ని అమ్మాయి కెరీర్ సమస్యగా మార్చకండి.

తను భయపడాల్సింది వేరే. ఓ విద్యార్థిని నాకు చూపించిన అప్లికేషన్‌లో ఆశయం ఆరు పేజీలు, బడ్జెట్ అర పేజీ. కొన్ని రాష్ట్రాల్లో ఖైదీకి ఉత్తరం రాస్తే అసలు కాగితం చేతికివ్వరు, స్కాన్ చేసిన కాపీ ఇస్తారు, ఆ సంగతే అందులో లేదు. ఫోన్ చార్జీలు లేవు, కవిత రాసిన మనిషికి పారితోషికం లేదు. తన జీతం గడి ఖాళీ!

మీ అమ్మాయిని ముందు ఖైదీలతో పనిచేసే సంస్థ ఒకదానిలో వాలంటీరుగా చేరమనండి, డేటా వచ్చినవాళ్లు వాళ్లకీ కావాలి. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు సంబంధాల ఊసెత్తకుండా, తన బడ్జెట్‌లో జీతం గడిలో ఎంత రాసుకుందో అడగండి.